తిరగడం తప్ప మరో పని లేని లోడింగ్ చక్రం గారికి

శ్రీయుత లోడింగ్ చక్రం గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క కంప్యూటర్ తప్ప. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. ఏ ఇంట్లో ఏది ఆగిపోయినా మీరు నిక్షేపంగా తిరుగుతూనే ఉంటారని లోకమెరుగును.

మొన్న మాత్రం మీరూ ఆగిపోయారు. అందుకే ఈ ఉత్తరం.

అంతకుముందు కొన్నాళ్లుగా మీ రాకపోకలు ఎక్కువయ్యాయి. ఫైల్ తెరిస్తే మీరు, మూస్తే మీరు, ఊరికే మౌస్ కదిపినా మీరే. వచ్చిన ప్రతిసారీ "ఇదిగో, అయిపోవచ్చింది" అన్నట్టు ధీమాగా తిరిగారు. ఏది అయిపోవచ్చిందో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. నెట్ నెమ్మదిస్తే అదే తిరుగుడు, హార్డ్ డిస్క్ మొరాయిస్తే అదే తిరుగుడు, లోపల కంప్యూటర్ మెదడైన ప్రాసెసర్ ఉడికిపోతున్నా అదే తిరుగుడు. జలుబుకీ గుండెపోటుకీ ఒకే బిళ్ల రాసిచ్చే డాక్టరైనా కనీసం నాలుక చాపమంటాడు.

మీ వంశమే అంత లెండి. 1984లో వచ్చిన యాపిల్ వారి మాకింటోష్ కంప్యూటర్‌లో మీ పెద్దలు చేతిగడియారం వేషం కట్టారు. విండోస్‌లో ఏళ్ల తరబడి ఇసుక గడియారంగా కాలక్షేపం చేశారు. వాళ్లను చూసి టైమ్ తెలుసుకున్నవాడు లేడు గానీ, మన టైమ్ తింటున్నామని వేషంలోనైనా ఒప్పుకున్నారు. 2007లో విండోస్ విస్టాతో పాటు నీలం గుండ్రంగా మీరు దిగారు. మొదలూ చివరా లేని ఆకారం. దాన్ని ఎంచుకున్నవాళ్లు నిజాయితీపరులే అనాలి.

సరే, మొన్నటి సంగతికి వస్తాను. ఒక పక్క రాసుకుంటున్నాను, ఇంకో పక్క పాట వస్తోంది. ఉన్నట్టుండి పాట ఒక అక్షరం మీద ఇరుక్కుపోయి "ర్ర్ర్ర్ర్" అని ఒకటే మోత. మౌస్ బాణం స్క్రీన్ మధ్యలో బిగుసుకుపోయింది. దాని పక్కనే మీరు, తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయి, సగం వెలుగు, సగం నీడ. క్యాప్స్ లాక్ నొక్కి చూశాను. కీబోర్డ్ మీద ఆ చిన్న లైటు వెలిగి ఆరుతుంటే లోపల ఇంకా ప్రాణం ఉన్నట్టు. వెలగలేదు. సీపీయూ డబ్బా మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాను. వేడి దుమ్ము వాసన ముక్కుకు తగిలేసరికి గుండె గుభేలుమంది.

ఇక ఇంట్లో ప్రతివాళ్లూ ఇంజనీర్లే. "ఏమండీ, ఏదో కాలుతున్నట్టుంది" అని మా ఆవిడ. "నాన్నా, కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కొట్టు" అని మా అమ్మాయి. "ముందు మెయిన్ ఆపరా, తర్వాత చూసుకోవచ్చు" అని హాల్లోంచి మా నాన్నగారు. మా అమ్మాయి చెప్పిన ఆ మూడు కీల కిటుకు 1980ల మొదట్లో ఐబీఎం పీసీని మళ్లీ మొదటినుంచి నడిపించడానికి ఆ కంపెనీ ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ పెట్టింది. పొరపాటున ఎవరి చెయ్యీ తగలకూడదని కీలను దూరం దూరంగా ఎంచుకున్నాడాయన. మా ఇంట్లో కావాలని ఎంత గట్టిగా నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

చివరికి పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను. అలా నాలుగు సెకన్లు పడితే గానీ బలవంతాన ఆరదు. సేవ్ చేయని పేజీ కళ్లెదుటే ఉండగా ఆ నాలుగు సెకన్లూ వేలు అక్కడే ఉంచడం ఎంత కష్టమో, ఎక్కడా వేలు పెట్టని తమరికి తెలిసే అవకాశం లేదు.

డబ్బా చల్లారాక ప్లగ్ పీకి, పక్క తలుపు ఊడదీశాను. అప్పుడు చూశానండీ, తిరగాల్సినవాడిని. ప్రాసెసర్ నెత్తిన ఒక ఫ్యాన్, దాని కింద వేడిని లాగే హీట్‌సింక్ రేకులు. రెంటికీ మధ్య బూడిదరంగు దుమ్ము వేలి మందాన పేరుకుపోయి, ఒక్క రేకు కూడా కనబడటం లేదు. ఫ్యాన్ రెక్కను వేలితో తోస్తే అర చుట్టు తిరిగి, కిర్రుమని ఆగింది. గోరంత సిలికాన్ ముక్క పుట్టించే వేడిని, అదెంత లేదన్నా 65 వాట్ల దాకా ఉంటుంది, బయటికి తోయాల్సింది ఆ బక్కప్రాణి. దాని గొంతు దుమ్ముతో పూడుకుపోయినా పాపం చెప్పాల్సింది చెప్పింది. కొన్నాళ్లుగా గురకపెట్టింది, మూలిగింది. చెవి దాకా వచ్చిన కబురు అదొక్కటే. కంటి ముందున్న మీరు మాత్రం "అంతా బాగానే ఉంది, కాస్త ఆగండి" అంటూ కథ నడిపించారు. పనిచేసేవాడు డబ్బా లోపల, షో చేసేవాడు స్క్రీన్ మీద.

ప్రాసెసర్ కూడా అన్యాయం చేయలేదు. చాలా ప్రాసెసర్లకు 100 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూగా ఒక హద్దు ఉంటుంది. అది దగ్గరపడగానే కాలిపోకుండా ఉండటానికి తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి దిగకపోతే కరెంటు కట్ చేసుకుని పడుకుంటుంది. అంటే ఆ మందకొడితనమే మొదటి హెచ్చరిక. దాన్ని మాకు చేరవేయాల్సిన మీరు, దాని ముందు నిలబడి గిరగిరా తిరిగారు!

బ్రష్‌తో దులిపాను, స్ప్రే డబ్బాలో నింపి అమ్మే గాలి కొట్టాను. కొట్టేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే ఆ గాలికి అది తన శక్తికి మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది. చూశారా, అదుపు లేకుండా తిరగడం ఫ్యాన్‌కే మంచిది కాదు. దులపడానికి హీట్‌సింక్ ఎలాగూ ఊడదీశాను కాబట్టి, ప్రాసెసర్ వేడిని దానికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కట్టి ఉంటే తుడిచి, కొత్తది పూశాను. ఆన్ చేసి, విండోస్ కన్నా ముందే తెరుచుకునే సెట్టింగుల తెర బయోస్‌లోకి వెళితే అక్కడ ఉష్ణోగ్రత అంకెల్లో కనబడుతోంది. అన్నేళ్లుగా అది అక్కడే ఉందట! లోపల అంకె ఉండగా బయటికి మిమ్మల్ని పంపించడంలో ఆంతర్యం ఏమిటో మీ పైవాళ్లను అడిగి చెప్పగలరు.

మీ ఉద్యోగం తీసేయమని నేను అడగను. తిరగండి. కాకపోతే తిరిగేటప్పుడు ఆ గుండ్రం మధ్యలో ఉన్న ఖాళీలో ఉష్ణోగ్రత అంకె వేయించుకోండి. 60 కనిపిస్తే నా పని నేను చూసుకుంటాను. 90 కనిపిస్తే ముందు సేవ్ నొక్కి, తర్వాత స్క్రూడ్రైవర్ వెతుక్కుంటాను. 100 దాటితే మీరు శ్రమపడి రానక్కర్లేదు, ప్రాసెసర్ తానే లైట్లు ఆర్పేసుకుంటుంది.

ఇట్లు,
సగం పేజీ మళ్లీ మొదటినుంచి రాసుకుంటున్న
మీ వినియోగదారు