శాతాల పట్టికకు అందని మాజీ సైనికుడు

సైనిక సేవలో గాయపడిన, జబ్బుపడిన అమెరికన్ మాజీ సైనికులకు నెలనెలా అందే పరిహారాన్ని అక్కడి వెటరన్స్ ఎఫైర్స్ శాఖ వేసే వైకల్య శాతమే నిర్ణయిస్తుంది. సున్నా నుంచి వంద దాకా పదేసి చొప్పున పెరిగే ఆ అంకె, చట్టం ప్రకారం, ఫలానా వైకల్యం మనిషి సంపాదన శక్తిని సగటున ఎంత తగ్గిస్తుందన్న అంచనా. అందుకే వెన్ను దెబ్బతిన్న గుమాస్తాకూ, బరువులెత్తడం తప్ప మరో పని రాని కూలీకీ ఒకే శాతం పడవచ్చు. మొదటివాడి ఉద్యోగం నిలుస్తుంది, రెండోవాడి బతుకుతెరువు పోతుంది.

ఈ లోటును పూడ్చడానికే ‘టీడీఐయూ’ (ఉద్యోగం చేయలేని స్థితిని బట్టి పూర్తి వైకల్యంగా గుర్తించడం) అనే ఏర్పాటు ఉంది. శాతం వందకు చేరకపోయినా, సేవ వల్ల వచ్చిన వైకల్యాల కారణంగా నిలకడగా ఉద్యోగం చేయలేనివారికి నూరు శాతం రేటు చెల్లిస్తారు. తేడా చిన్నది కాదు: 2025 రేట్ల ప్రకారం, తనపై ఆధారపడినవారెవరూ లేని మాజీ సైనికుడికి 90 శాతానికి నెలకు సుమారు 2,298 డాలర్లు వస్తే, 100 శాతానికి 3,831 డాలర్లు వచ్చేవి.

అయితే ఈ ఏర్పాటుకూ శాతాల గడప ఉంది. ఒకే వైకల్యమైతే 60 శాతం ఉండాలి. ఒకటికి మించి ఉంటే మొత్తం 70కి చేరాలి, వాటిలో ఒకటైనా 40 ఉండాలి. ఆ మొత్తం మామూలు కూడికతో రాదు. 50కి 30 కలిపితే 80 కాదు. మిగిలిన సగంలో 30 శాతాన్ని, అంటే 15ను, 50కి కలిపి 65 అంటారు, దాన్ని దగ్గరి పదికి, అంటే 70కి సవరిస్తారు. ఇలా 50, 30 శాతాల వైకల్యాలున్నవాడికి దారి తెరుచుకుంటుంది. మూడు 30లు, ఒక 20 ఉన్నవాడి లెక్క 73కి చేరి 70 దగ్గర ఆగినా, ఒక్కటీ 40 కాదు కాబట్టి, అవన్నీ ఒకే ప్రమాదం వల్లనో ఒకే అవయవ వ్యవస్థలోనో వచ్చినవి కాకపోతే, అతని దరఖాస్తును ప్రత్యేక పరిశీలనకు పైకి పంపాల్సిందే. పని చేయలేకపోవడంలో ఇద్దరికీ తేడా ఏమిటో నాకు అర్థం కాదు.

2017లో ట్రంప్ ప్రభుత్వం ఈ చెల్లింపును పదవీ విరమణ వయసు దాటినవారికి ఆపాలని బడ్జెట్‌లో ప్రతిపాదించి, మాజీ సైనికుల సంఘాలు తిరగబడటంతో వెనక్కి తగ్గింది. డెబ్బై ఐదేళ్ల మనిషికి పోయిన జీతం బదులు డబ్బెందుకన్న ప్రశ్నను కొట్టిపారేయలేం. కానీ నలభైలోనే పని మానేయాల్సి వచ్చినవాడికి ఆ తర్వాతి పాతికేళ్ల జీతమూ లేదు, దాంతో పెరగాల్సిన సోషల్ సెక్యూరిటీ పింఛనూ దాచుకున్న సొమ్మూ అంతంతమాత్రమే. అతని నష్టం పదవీ విరమణ వయసు రాగానే తీరిపోదు. అర్హత తేల్చేటప్పుడు వయసును లెక్కలోకి తీసుకోరాదని నిబంధన ఉండగా, అదే వయసు చూపి చెల్లింపు ఆపాలనడం పొసగదు.

సంస్కరించాల్సింది మరోచోట ఉంది. పట్టిక ప్రకారమే నూరు శాతం పొందిన వారిలో ఎక్కువమంది ఎంత జీతమైనా సంపాదించుకోవచ్చు. టీడీఐయూ మీద ఉన్నవాడు, కుటుంబ దుకాణం వంటి రక్షిత చోట తప్ప, దారిద్ర్యరేఖ దాటి సంపాదిస్తే ప్రయోజనానికే ముప్పు. వరుసగా పన్నెండు నెలలు ఉద్యోగం నిలబెట్టుకుంటే గాని, ఉద్యోగం దొరికిందన్న ఒక్క కారణంతో తగ్గించకూడదన్న రక్షణ ఇప్పటికే ఉంది. ఆ గడువును పెంచి, ఆ తర్వాత చెల్లింపును ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా తగ్గించే పద్ధతి పెడితే, పని ప్రయత్నించి చూసే ధైర్యం కొందరికైనా వస్తుంది.