సంస్కరణ కానుక సంచి దగ్గర మొదలు కావాలి

అక్టోబరు 31, సంస్కరణ దినం వచ్చిందంటే కడప, అనంతపురం, కర్నూలు క్రైస్తవ సంఘాల్లో చాలాచోట్ల జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్ మీద ప్రసంగం ఉంటుంది. విశ్వాసం వల్లే నీతి అని చెబుతారు, మంచిదే. అయితే 1517లో చర్చి తీరును ప్రశ్నిస్తూ ఆయన రాసిన 95 వాదాలకు నిప్పు రాజేసింది డబ్బు. పాపశిక్ష తగ్గుతుందని చర్చి డబ్బుకు అమ్మిన పాపపరిహార పత్రం కొనేవాడికంటే పేదవాడికి ఇచ్చేవాడే మంచి పని చేస్తున్నాడని 43వ వాదం. ఆరేళ్లు తిరిగేసరికి, 1523లో, జర్మనీలోని లైస్నిగ్ ఊరి సంఘం ఉమ్మడి నిధికి నాలుగు తాళాల పెట్టె పెట్టుకుంది. ఒక తాళంచెవి దొరలకు, ఒకటి పట్టణ సభకు, ఒకటి పట్టణ ప్రజలకు, ఒకటి పల్లె రైతులకు. నలుగురూ కలిస్తే తప్ప పెట్టె తెరుచుకోదు. ఆ నిధి నియమావళికి ముందుమాట రాసింది లూథరే.

మన కోతకాల పండుగ వేలం చూడండి. చెనిక్కాయల మూట, నాటుకోడి, గుమ్మడికాయ పోటీ మీద పాడతారు. కోడి మూడు వేలకు పోతే ఆ రోజే మూడు వేలు జమ రాసేస్తారు. డబ్బు క్రిస్మస్‌కు వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ఏడాది చివర పుస్తకానికీ బ్యాంకుకూ పొంతన కుదరక, పైసా ముట్టని కోశాధికారి మీద నింద పడుతుంది. పాటల బాకీ వేరే పుస్తకంలో రాసి, నగదు చేతికొచ్చాకే రసీదు ఇస్తే ఈ తగువే ఉండదు.

ఆదివారం కానుకలు ఆరాధన అయిన వెంటనే, గుడిలోనే లెక్కపెట్టాలి. లెక్కపెట్టే ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఏ నోటు ఎన్నో చీటీ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సోమవారం మొత్తం బ్యాంకులో కట్టాలి. కరెంటు బిల్లుకో, మైకు బాడుగకో సంచిలోంచే తీశారంటే ఆ రాబడీ, ఆ ఖర్చూ రెండూ పాస్‌బుక్‌కు ఎక్కవు. ఫోన్‌పే స్కానర్ పాస్టరు సొంత ఖాతాది అయితే ఇక లెక్క అడిగే దారే లేదు.

ఇదంతా దైవసేవకుణ్ణి అనుమానించడమే అంటారు కొందరు. యెరూషలేము పేదల కానుకను అపొస్తలుడైన పౌలు తానొక్కడే మోయలేదు. తన మీద తప్పు మోపే సందు ఉండకూడదని తన సహచరుడు తీతుతో పాటు మరో ఇద్దరు సహోదరులను పంపాడు (2 కొరింథీ 8). ఆయనకు లేని నామోషీ మనకెందుకు?

సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు సంఘాల్లో కమిటీ, ఆడిట్ కనీసం నిబంధనల్లో ఉన్నాయి, అడిగి అమలు చేయించుకోవచ్చు. స్వతంత్ర సంఘాల్లో అసలు చిక్కు స్థలం. విశ్వాసుల చందాలతో కొన్నా రిజిస్ట్రేషన్ పాస్టరు పేరునో, ఆయన భార్య పేరునో ఉంటే చట్టం లెక్కలో అది ఇంటి ఆస్తే. రేపు వారసులు పంచుకుంటామంటే సంఘం దగ్గర చూపించడానికి కాగితం ఉండదు. గోడలు లేవకముందే సొసైటీగానో ట్రస్టుగానో నమోదై, దస్తావేజు దాని పేరున రాయించుకోవాలి. పాస్టరు ఉండగా, ఆయన చేతుల మీదుగానే ఈ పని జరగాలి.