పేరు కొట్టేశారంటావా, నాయనా?

గత ఫిబ్రవరిలో మాస్టారి ఆదరణ కూడికకు వచ్చినవారికి ఆ సాయంత్రం ఏం జరిగిందో నేను గుర్తు చేయనక్కరలేదు. రాలేకపోయినవారికి మాత్రం నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, మనం అద్దెకు తీసుకునే ఆ అమెరికన్ చర్చి హాలులో, ప్రార్థన, కీర్తన, కుటుంబం తరఫున పెద్దకొడుకు మాటలు అయ్యాక, ఆ వారం మన సంఘానికి అతిథిగా వచ్చిన ప్రసంగీకుణ్ణి వాక్యం చెప్పమన్నారు. ఆయనకు మాస్టారితో పరిచయం లేదు. విమానాశ్రయం నుంచి వస్తుండగా కారులో ఎవరో మాస్టారి చివరి రోజుల గురించి చెప్పారట. చెప్పినవారు జాలిపడే చెప్పి ఉంటారు. ఆయన హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం తెరిచి, ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవారిని మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమని చెప్పే నాలుగు నుంచి ఆరు వచనాల మీద నలభై నిమిషాలు నిలబడ్డారు. మధ్యలో, ఎవరి పేరూ ఎత్తకుండా, చివరి రోజుల్లో నోటితో దేవుణ్ణి కాదన్న మనిషి గతి ఏమిటో మీరే ఆలోచించుకోండి అన్నారు. హాలులో అందరి కళ్లూ ముందు వరుస వైపు తిరిగాయి. మాస్టారి భార్య, మన అమ్మగారు, తెల్లచీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఒడిలో బైబిలు మూసి పెట్టుకుని, తల ఎత్తకుండా కూర్చుని ఉన్నారు.

మాస్టారు చివరి నాలుగేళ్లు మతిమరుపు జబ్బుతో బతికారన్నది మనలో చాలామందికి తెలుసు. ఒంగోలు దగ్గర పల్లెలో ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా చేసి, పిల్లల దగ్గర ఉందామని ఇక్కడికి వచ్చిన మనిషి. జబ్బు మొదలైన రెండో ఏటికి భార్యను చూసి ‘ఎవరమ్మా నువ్వు’ అనడం మొదలుపెట్టారు. అన్నంలో ముక్కలు తీసి చొక్కా జేబులో దాచుకునేవారు. ఉతకబోయే ముందు జేబులు తడమడం కోడలికి అలవాటైపోయింది. ఒక నెల మొదటి ఆదివారం పాస్టరు గారు ఇంటికి వెళ్లి ప్రభురాత్రి భోజనపు గిన్నె అందిస్తే, మాస్టారు దాన్ని చేత్తో తోసేశారు. ద్రాక్షరసం పాస్టరు గారి చొక్కా మీద పడింది. ‘నాకు దేవుడూ లేడు, గీవుడూ లేడు, నన్ను మా ఇంటికి పంపించండి’ అని మాస్టారు అరిచారు. ఆ పూట నేను అక్కడే ఉన్నాను. కీర్తన ఎత్తుకుంటే జ్ఞాపకం తిరిగి వస్తుందని ఎవరో చెప్పగా విని నేను ఆయనకు ఇష్టమైన కీర్తన పాడాను. ఆయనకు ఏమీ గుర్తు రాలేదు. నా ముఖం వైపు కాసేపు చూసి, ‘తాళాలు ఎక్కడ పెట్టాను నేను’ అని అడిగారు.

కారులో చెప్పిన విషయం ఇదే. ప్రసంగానికి ఉదాహరణ అయిందీ ఇదే.

కూడిక ముగిశాక భోజనాల దగ్గర, అల్యూమినియం ట్రేలలోంచి పులిహోర, కోడికూర వడ్డిస్తుండగా, అమ్మగారు నన్ను సైగ చేసి పిలిచారు. పక్కనున్నవారికి వినబడకుండా, ‘ఆయన పేరు కొట్టేశారంటావా, నాయనా’ అని అడిగారు. నాకు వెంటనే అర్థం కాలేదు. తరువాత తెలిసింది. ఆ రోజుల్లో వరసగా చాలా రోజులు బడికి రాని పిల్లవాడి పేరును హాజరు పట్టీలో ఎర్రసిరాతో కొట్టేయవలసి వచ్చేది. ఆ పని చేయవలసి వచ్చిన రోజున మాస్టారు ఇంటికి వచ్చి అన్నం సరిగా తినేవారు కారట. ముందు ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లి, తండ్రిని బతిమాలి, గేదెల వెంట ఉన్నవాణ్ణి పట్టుకొచ్చి, హాజరు వేసిన తరువాత గాని మనసు కుదుటపడేది కాదట. జయించువాని పేరు, రక్షణ పొందినవారి పేర్లుండే జీవగ్రంథంలోనుంచి తుడుపు పెట్టనని ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో ఉన్న మాట ఆమెకు తెలుసు. తన భర్త జయించినవారి లెక్కలోకి వస్తాడా రాడా అన్నదే ఆమె ప్రశ్న.

ఈ విషయంలో నేను తటస్థుణ్ణి కాను. అయినా ఇరుపక్షాలనూ సమానంగానే తూయడానికి ప్రయత్నిస్తాను. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. అమెరికన్ లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలైలో గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచి మా వాళ్లు ఆ సంఘంలోనే ఉన్నారని మా నాయనమ్మ గర్వంగా చెప్పేది. మా ఆవిడ వాళ్లు ఒంగోలు బాప్టిస్టులు. పెళ్లయిన కొత్తలో మా ఇంట్లో జరిగిన మొదటి వాదన కట్నం గురించి కాదు, దేవుడు ఒకసారి ఇచ్చిన రక్షణ పోతుందా పోదా అన్న దాని గురించి. మా లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 1530లోనే, ఒకసారి నీతిమంతుడైనవాడు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేడనే వాదాన్ని ఖండించింది. కాబట్టి పత్రాలు చూస్తే నేను ఆ ప్రసంగీకుడి పక్షానే ఉండాలి. బాప్టిస్టులలో అధికభాగం మాత్రం, దేవుడు నిజంగా పట్టుకున్నవాడు చివరి దాకా నిలుస్తాడని నమ్ముతారు. మా ఆవిడ ఆ ఇంట్లో పుట్టింది గనుక నిద్ర బాగా పడుతుందని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

నాకు చిన్నప్పుడు నిద్ర పట్టేది కాదు. మా ఊళ్లో వేసవిలో జరిగే ఉజ్జీవ కూడికల్లో షామియానా కింద నేను ప్రభువును అంగీకరిస్తున్నానని నాలుగుసార్లు చెయ్యి ఎత్తాను. ప్రతి ఏడూ వచ్చే ప్రసంగీకుడు కిందటి ఏటి నా నిర్ణయం నిజమైనది కాదేమోనని అనుమానం పుట్టించేవాడు. ఒకనాడు బడి నుంచి వచ్చేసరికి ఇంటి తలుపులు బార్లా తీసి ఉన్నాయి, పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, ఇంట్లో ఎవరూ లేరు. ప్రభువు వచ్చి అందరినీ ఎత్తుకుపోయాడని, నన్నొక్కణ్ణే వదిలేశాడని అనుకున్నాను. సంచీ పారేసి పక్కింటికి పరిగెత్తాను. ఆ ఇంటి దొడ్డమ్మ ఊరందరిలోకీ భక్తురాలు. ఆమె గనుక ఉంటే ఇంకా సమయం ఉన్నట్టే లెక్క. దొడ్డమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని, చేటలో బియ్యం ఏరుకుంటోంది. ఆమె గోళ్ల మధ్య మట్టిగడ్డ నలుగుతున్న ఆ చిన్న శబ్దాన్ని మించిన సువార్త ఆ రోజు దాకా నేను వినలేదు.

అటువంటి పెంపకాన్ని నేను సమర్థించడం లేదు. అది పిల్లల మీద చేసిన దౌర్జన్యమనే ఇప్పటికీ అంటాను. అయితే డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు బయలుదేరే ముందు మా నాన్న మా ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి, ‘ఈ రాత్రి పోతే ఎక్కడికి పోతావురా’ అని అడిగేవాడు. మేము తడబడుతూ ‘ప్రభువు దగ్గరికి’ అనేవాళ్లం. ఆయన అవుననీ కాదనీ అనకుండా, మఫ్లర్ తీసి మా చెవులకు చుట్టి, తానొక్కడే చలిలో చెవులు కప్పుకోకుండా నడిచేవాడు. భయపెట్టిన ఆ నోటికి, చుట్టిన ఆ చేతికి మధ్య ఉన్న తేడాను నేను ఇక్కడ, ఈ వయసులో, నా పిల్లలు ఆ ప్రశ్నను ఒక్కసారి కూడా వినకుండా పెరిగాక, గ్రహిస్తున్నాను.

ఇక తూకానికి వస్తాను. ఈ ప్రశ్న మన ఊళ్లలో పుట్టింది కాదు. డచ్చి వేదాంతి ఆర్మీనియస్ 1609లో మరణించాక ఆయన అనుచరులు 1610లో ఐదు అంశాలు రాసి ఇచ్చారు. అందులో ఐదోది ఇదే: విశ్వాసి చివరికి తప్పిపోగలడా? ఆ విషయం లేఖనాల నుంచి ఇంకా పరిశీలించాలి అంటూ వారు దాన్ని తేల్చకుండా వదిలేశారు. 1618 నవంబరు నుంచి 1619 మే దాకా నెదర్లాండ్స్‌లోని డోర్ట్ నగరంలో కూర్చున్న సంఘ పెద్దల సభ, దేవుడు తనవారిని కడదాకా కాపాడతాడని తేల్చింది. అయినా భక్తులు ఘోరంగా పడిపోగలరని, దావీదు, పేతురు పడ్డారు కదా అని అదే సభ ఒప్పుకుంది. వెస్లీ అనుచరులైన మెథడిస్టులు ఆర్మీనియస్ వైపు నిలిచారు. పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువమందిది అదే దారి. మెదక్ నుంచి వచ్చిన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారు, ఒంగోలు బాప్టిస్టులు, గుంటూరు లూథరన్లు, నరసాపురం బ్రదరన్ వారు ఊళ్లో ఉంటే ఎవరి గుడికి వారు వెళ్లేవారు. ఇక్కడ అందరం ఒకే అద్దె హాలులో, ఒకే కాఫీ ఫ్లాస్కు చుట్టూ చేరాం. నాలుగు వందల ఏళ్ల తగాదా ఒక విధవరాలి తల మీద పడడానికి కారణం అదే. ఐక్యతను నేను తప్పు పట్టడం లేదు. ఎవరు ఏ నేపథ్యం నుంచి మాట్లాడుతున్నారో చెప్పకుండా మాట్లాడడాన్ని తప్పు పడుతున్నాను.

హెచ్చరికలు అక్కరలేదని నేను అనను. నాకు తెలిసిన ఒకాయన చీటీలు కట్టించుకుని, ఇరవై మంది సొమ్ము ముంచి, మరుసటి ఆదివారమే లేచి నిలబడి, నా రక్షణను ఎవడూ నా నుంచి లాక్కోలేడని సాక్ష్యం చెప్పాడు. అటువంటివాడికి హెబ్రీ ఆరో అధ్యాయం వినిపించాలి. తన గొర్రెలను ఎవడూ తన చేతిలోనుంచి అపహరించడని ప్రభువు చెప్పిన యోహాను సువార్త పదో అధ్యాయం అతనికి వినిపించడం పొగరుమోతు గిత్తకు బెల్లం పెట్టడంతో సమానం. ‘భయముతోను వణకుతోను’ మీ రక్షణను కొనసాగించుకోండని పౌలు రాసింది కూడా, చెవులు పనిచేసి, కాళ్లు నడిచి, ఇంకా ఇటో అటో తిరగగల మనిషికే. ఇందులో బాప్టిస్టు వారికి కూడా పేచీ ఉండదనుకుంటాను, ఎందుకంటే ఆ హెచ్చరికల ద్వారానే దేవుడు తనవారిని నిలబెడతాడని వారు చెబుతారు.

కానీ అతిథి ప్రసంగీకుడు హెబ్రీ ఆరో అధ్యాయం ఎనిమిదో వచనం దగ్గర బైబిలు మూసేశారు. హింసకు జడిసి వెనక్కి వెళ్దామా అని ఊగిసలాడుతున్న మనుషులకు రాసిన ఉత్తరం అది. ముళ్లతుప్పలు, గచ్చపొదలు, కాల్చివేత అంటూ అంత కఠినంగా రాసినవాడే తొమ్మిదో వచనంలో ‘ప్రియులారా’ అని పిలిచి, మీ సంగతి ఇంతకంటె మంచిదని, రక్షణకు సంబంధించినదని మాకు రూఢిగా తెలుసు అంటాడు. గ్రీకు మూలంలో ఆ పిలుపు ఆ పత్రిక మొత్తంలో ఆ ఒక్కచోటే ఉంది. బెదిరించిన చోటే దగ్గరికి తీసుకున్నాడు. మా నాన్న మఫ్లర్ లాగా.

పేతురు మాట కూడా చెప్పాలి. మతి స్థిమితంగా ఉండి, పగలంతా ప్రభువు వెంట తిరిగి, ఒక పనిపిల్ల అడిగితే, చలిమంట కాచుకుంటూ మూడుసార్లు ఎరుగనన్నాడు. అతను ఆ మాట అనకముందే, నీ నమ్మిక తప్పిపోకుండునట్లు వేడుకొన్నానని ప్రభువు అతనికి చెప్పి ఉన్నాడు. తెలిసి కాదన్న పేతురు పేరు కొట్టేయనివాడు, తాళాలు ఎక్కడ పెట్టానో తెలియని మాస్టారి పేరు కొట్టేస్తాడా? నా తూకంలో ముల్లు ఒరిగిపోయిందని పాఠకులు గమనించే ఉంటారు. ఒరగనివ్వండి.

మాస్టారు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో మన శనివారపు బైబిలు తరగతిలో ఎఫెసీ పత్రిక చెప్పారు. మొదటి అధ్యాయంలో ‘సంచకరువు’ అన్న మాట దగ్గర ఇక్కడ పుట్టిన పిల్లలు ఆగిపోయారు. ఆయన నవ్వి, బయానా అన్నారు. అదీ తెలియకపోతే గేదె బేరం చెప్పారు. సంతలో గేదెను చూసి బయానా ఇచ్చినవాడు బేరం వదులుకుంటే నష్టపోయేది ఎవరు? గేదె కాదు, ఇచ్చినవాడు. పరిశుద్ధాత్మ అనే బయానా ఇచ్చింది మనం కాదు, దేవుడు. కాబట్టి ఈ బేరం చెడితే నష్టం ఆయనది, ఆయన నష్టపోయే రకం కాదు అని, సుద్దముక్క లేకపోయినా చెయ్యి గాలిలో ఆడిస్తూ చెప్పారు. ఆయన ముత్తాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బృందం ఒక్క రోజున బాప్తిస్మమిచ్చిన 2,222 మందిలో ఒకడని వారింట్లో చెప్పుకుంటారు. అప్పటి కరవు సాయం కోసం చేరిన జనమని ఎవరూ అనకుండా, సాయం జరిగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. అన్నం కోసం వచ్చినవారు నిలుస్తారా అని ఆనాడు అడిగినవారు ఉన్నారు. నాలుగో తరంలో, ఆ ఇంటి మనిషి శవపేటిక మీద పూలు వాడకముందే, మనవాళ్లే మళ్లీ అదే ప్రశ్న అడిగారు.

వచ్చే ఫిబ్రవరిలో మాస్టారి మొదటి జ్ఞాపకార్థ కూడిక ఉంది. వాక్యం ఎవరు చెబుతారో ఇంకా నిర్ణయం కాలేదని విన్నాను. పెద్దల కమిటీకి నా మనవి ఇది. ఆ రోజు పిలిచే ప్రసంగీకుడు ఏ సంఘం వాడైనా నాకు అభ్యంతరం లేదు. ఆయన్ను ముందు రోజు అమ్మగారి ఇంటికి తీసుకెళ్లండి, ఆమె పెట్టే టీ తాగనివ్వండి. మాస్టారి బైబిలు అట్ట లోపల, నీలంసిరాతో ఆయన రాసుకున్న బాప్తిస్మపు తేదీ చూడనివ్వండి. ఆ తరువాత కూడా ఆయన హెబ్రీ పత్రికే చెప్పదలిస్తే చెప్పనివ్వండి, తొమ్మిదో వచనం దాకా చదువుతానని మాట తీసుకుని. భోజనాల దగ్గర నేను అమ్మగారికి జవాబు చెప్పలేకపోయాను. చేతిలో గరిటె ఉంది, వెనక వరుస ఉంది. ‘లేదమ్మా, కొట్టేయలేదు’ అని ఆ రోజు అనవలసిన మాటను ఆలస్యంగా, అందరి ముందూ, ఈ పత్రికలో అంటున్నాను. సంచిక అచ్చయ్యాక ఆమెకు చదివి వినిపించే పని మా ఆవిడ ఒప్పుకుంది.