మల్లి ఎడమ కన్ను

ఇక్కడి మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో పచ్చడి వరుసలో నిలబడి, మా పిల్లి మల్లి కంటికి శుక్లం వచ్చిందని పక్కావిడతో చెబుతున్నాను. వెనక నుంచి ఒక పెద్దాయన కలగజేసుకున్నారు. "మన ఊళ్ళల్లో మనుషుల శుక్లాలు తీయించడానికే చందాలు చాలక మేం తిరుగుతుంటే, నువ్వు పిల్లి కంటి గురించి ఏడుస్తున్నావా అమ్మా!" వరుసంతా నవ్వింది. కంటి శిబిరాల డబ్బాలో నేనూ ఏటా వేస్తాను, ఈసారీ వేశాను. అయినా పంచాంగ శ్రవణం అయ్యేదాకా ఆ నవ్వు నన్ను వదల్లేదు.

కిందటి నవంబరులో మల్లి ఎడమ కన్ను చికిలించడం మొదలుపెట్టింది. ఎరుపు, నీరు కారడం. అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. "వేడి చేసిందే, ఆముదం చుక్క వెయ్యి" అంది. చిన్నప్పుడు మా కళ్ళు మండితే నందివర్ధనం పూలు తడిపి రెప్పల మీద పెట్టేది. ఆ చల్లదనం నాకింకా గుర్తుంది. ఆముదం వేశాం, తగ్గలేదు. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న చుక్కల మందు తీశాను. నాలుగు రోజులకు ఎరుపు తగ్గినట్టనిపించింది. నిశ్చింతగా సంక్రాంతికి ఊరెళ్ళాం. తిరిగొచ్చేసరికి మల్లి కంటిపాపలో పాలచుక్క పడ్డట్టు తెలుపు.

పిల్లులకు షుగర్ వల్ల శుక్లం రావడం అరుదని, అది కుక్కల్లో ఎక్కువని వెట్ (పశువుల డాక్టరు) చెప్పారు. పిల్లుల్లో చాలాసార్లు కారణం కంటి లోపలి వాపే. కంటి లోపలి కటకానికి (లెన్స్‌కి) రక్తనాళాలుండవు, చుట్టూ ఉన్న నీరే దానికి తిండి. వాపు నిలిచిపోతే ఆ నీరు చెడి కటకం తెల్లబడుతుంది. వాపు వెనక టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, పిల్లుల ల్యుకీమియా వైరస్ ఉండొచ్చు, పోట్లాటలో దిగిన గోరైనా కావచ్చు. మల్లికి ఎఫ్‌ఐవీ తేలింది, పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్ అది. మా ఇంటికి రాకముందు వీధిలో పెరిగిన పిల్ల. ఆపరేషన్ మనుషులకు చేసేలాంటిదే. వేల డాలర్లకు సిద్ధపడ్డాం కూడా. కానీ కన్ను లోపలంతా అప్పటికే దెబ్బతింది, చేసినా చూపు రాదన్నారు. నేను వేసింది స్టెరాయిడ్ మందట. ఎరుపును పైపైన కప్పింది. నల్లగుడ్డు మీద పుండు ఉండుంటే కన్నే పోయేదన్నారు.

అమ్మను తప్పుపట్టను. తను తినే ముందు పెరట్లో పిల్లికి పెరుగన్నం ముద్ద పెట్టిన చెయ్యి అది. పిసినారిని పిల్లికి బిచ్చం పెట్టనివాడని తిట్టే భాష మనది. కానీ "వేడి చేసింది" అన్న ఒక్క మాటతో మనం వారాలు గడిపేస్తాం, మనుషుల విషయంలోనూ అంతే. కంట్లో పసర్లు పోయించుకుని, ఆలస్యమయ్యాక శిబిరానికొచ్చే ముసలమ్మల కోసం కూడా కదా మన చందాలు! అక్కడ కరిగే మనసు ఇక్కడ నవ్వడమెందుకు?

పెర్షియన్ వంటి జాతుల్లో పుట్టుకతో వచ్చే శుక్లాన్ని ఎవరూ ఆపలేరు. ముసలి పిల్లి కళ్ళు కాస్త నీలి బూడిదగా కనిపించినంత మాత్రాన శుక్లమూ కాదు, చూపూ పోదు. మన చేతుల్లో ఉన్నదల్లా పిల్లిని ఇంట్లోనే ఉంచడం, ల్యుకీమియా టీకా వేయించడం, కన్ను చికిలించిన రోజే వెట్‌కి చూపించడం. శుక్లాన్ని కరిగించే చుక్కలు లేవు. దయచేసి సూట్‌కేసు మందులు వాటి కళ్ళల్లో వేయకండి. వయసు మళ్ళిన పిల్లికి బీపీ కూడా చూపించండి, బీపీ పెరిగితే రాత్రికి రాత్రే చూపు పోవచ్చు.

మల్లి ఇప్పుడు గిన్నె దగ్గరికి తల ఎడమకు తిప్పుకుని వస్తుంది, కుడి కంటికి ఆనాలని. సంఘం కార్యవర్గాన్ని ఒకటే అడుగుతున్నాను: దసరా ఆరోగ్య శిబిరంలో బీపీ, షుగర్ బల్లల పక్కన నాకూ ఒక బల్ల ఇవ్వండి. వెట్‌ని నేను ఒప్పిస్తాను. చందాల డబ్బా కూడా ఆ బల్ల మీదే పెడదాం.