శ్రీ గుట్టుపెట్టె గారికి, కర్నూలు పాతబస్తీ నుంచి

మహారాజశ్రీ గుట్టుపెట్టె గారి సముఖమునకు, నిన్ను చేసినోడు రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పెద్దల పద్ధతి. ఇక్కడ ఆ మాట సగమే నిజం. నువ్వు కుశలమే. 12 సెంటీమీటర్ల పొడుగు, 8 వెడల్పు, టేకు ఒళ్ళు, మైనం పూసిన మెరుపు. ఏ లోటూ లేకుండా గూట్లో కూర్చున్నావు. కుశలంగా లేనిది నేను. నిన్ను గీసింది నేను, కోసింది నేను, చిత్రిక పట్టింది నేను, కడుపులో గడియలు అమర్చింది నేను. పదిహేను రోజులుగా నిన్ను తెరవలేనిది కూడా నేనే.

ఎదురుగా కూర్చుని చెప్పుకుందామంటే నీకు చెవే లేదు. ఏ చెవీ లేదు. అందుకే రాస్తున్నా.

ముందుగా నీ బీగం సంగతి. నీ ముఖాన బీగంచెవి దూర్చే రంధ్రం చెక్కి, చుట్టూ ఇత్తడి రేకు బిగించాను. దాని వెనక ఏమీ లేదని నీకూ నాకూ తెలుసు. అర అంగుళం గుంట, అంతే. చూసినోడు ముందు దాంట్లోనే ఇరుక్కుంటాడని నా లెక్క. ఆ లెక్క తప్పలేదు. తప్పిందల్లా, దాంట్లో నుంచి బయటికి వచ్చినోడు ఒక్కడూ లేడు. పక్కింటన్న పిన్నీసుతో వచ్చాడు. బామ్మర్ది సైకిల్ పుల్లను రాయి మీద అరగదీసుకుని వచ్చాడు. రిటైరైన గుమాస్తా పెద్దాయన ఒకరు కళ్ళద్దాలు పైకి తోసి, ఆ గుంటలోకి చాలాసేపు చూసి, "దీనికి చెవి ఎవరి దగ్గర ఉందప్పా? పైనుంచి చెప్పిద్దామా?" అన్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసు మరి. పైనుంచి చెప్పిస్తే తెరుచుకోనిది ఆయన చూసి ఉండరు.

బామ్మర్ది మాత్రం పంతం పట్టాడు. "గడియలో తీస్తా చూడు బావా" అన్నాడు. గడియ అంటే 24 నిమిషాలు. నేను గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నా. నాలుగు గడియలు పోయినాయి గానీ నీ గడియ పోలేదు. ఆ తర్వాత పాత స్పీకరు పగలగొట్టి అయస్కాంతం తెచ్చాడు. లోపల సీలలు ఉంటే ఇనుపవే అయి ఉంటాయని వాడి తెలివి. ఆ తెలివి వస్తుందని నాకు ముందే తెలుసు కాబట్టే నీ గడియల్లో ఇనుము వాడలేదు. సీలలన్నీ ఇత్తడివే. ఇత్తడిని అయస్కాంతం లాగదు, ఇత్తడికి తుప్పు పట్టదు, బరువులో ఇనుము కంటే ఒక పిసరు ఎక్కువే. అయస్కాంతం పోయి నీ కడుపులో ఉత్తినే తిరుగుతున్న సైకిల్ బేరింగు గుండుకు అంటుకుంది. "చిక్కింది బావా, గడియ చిక్కింది!" అని వాడు ఎగిరిన ఎగురుకు మేడ మీద పావురాలు లేచిపోయినాయి. ఆ గుండుకూ గడియకూ ఏ సంబంధమూ లేదు. దాన్ని చప్పుడు కోసమే వేశాను. మనిషి చెవి ఎటు పోతే బుద్ధి అటే పోతుంది.

ఆ చప్పుడు తెచ్చిన తంటా నీకు తెలుసు కదా. తొలకరి పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగిన నడుము ఎత్తకుండా వజ్రాలు ఏరుకునే జిల్లా మనది. అట్లాంటి చోట ఒక చిన్న పెట్టె, తెరుచుకోదు, ఊపితే లోపల గట్టిదేదో టకటకమంటుంది. ఇంకేముంది? మూడో రోజుకల్లా మన సందులో నీ కడుపున వజ్రం పుట్టింది. అయిదో రోజుకు దాని బరువు కూడా చెప్పినారు. ఎనిమిదో రోజు ఎవరో తెలియని మనిషి మోటారు సైకిలు దిగి, "పెట్టెతో సహా ఇచ్చేయన్నా, తెరిచి చూపియ్యనక్కర్లే" అన్నాడు. రూపాయిన్నర ఖరీదు చేసే ఇనుప గుండుకు ఆయన చెప్పిన ధర వింటే, ఇంత కష్టపడి గడియలు చేయడం దేనికి, ఏదైనా డబ్బాలో రాళ్ళు పోసి మూత అంటిస్తే సరిపోయేది కదా అనిపించింది.

నిజానికి నీలో ఉన్నది ఒక పది రూపాయల బిళ్ళ. తెరిచినోడిదే ఆ బిళ్ళ అని పందెం పెట్టాను. పెద్ద దాతనని కాదు. మన అంగళ్ళలో పది బిళ్ళ ఇస్తే "ఇది చెల్లదన్నా" అని వెనక్కి తోస్తారు. చెల్లుతుంది మొర్రో అన్నా వినరు. చెల్లని సొమ్ముతో గొప్ప పేరు వస్తుంటే ఎవడు కాదంటాడు?

నువ్వు మరీ విర్రవీగకుండా నీ జాతి పెద్దల గురించి రెండు మాటలు చెబుతా. జపానులో హకోనె అనే కొండ ఊరు ఉంది. అక్కడ హిమిత్సు-బాకో అని గుట్టుపెట్టెలు చేస్తారు. రంగురంగుల చెక్కలు అతికి, వాటిని పలుచగా చిత్రిక పట్టి, ఆ పొరను పెట్టె పైన ముగ్గులా పరుస్తారు. చూసేవాళ్ళు అందం అనుకుంటారు. పలక ఎక్కడ జరుగుతుందో ఆ సందు కనపడకుండా చేయడం కూడా ఆ ముగ్గు పనే. నాలుగు కదలికల్లో తెరుచుకునేవీ ఉన్నాయి, వందకు పైగా కదలికలు అడిగేవీ ఉన్నాయి. నీకు ఎన్ని? మూడు. ఆ మూడుకే ఈ టెక్కు.

ఇంకొకరు లండనులో ఉండేవారు. జోసెఫ్ బ్రామా అనే ఆయన చేసిన బీగం. 1790లో అంగడి కిటికీలో పెట్టి, దీన్ని తెరిచినోడికి 200 గినీలు, అంటే అప్పటి బంగారు నాణేలు, అని పలక రాశారు. అరవై ఏళ్ళు అట్లే ఉంది. 1851లో అమెరికా నుంచి హాబ్స్ అనే మనిషి వచ్చి తెరిచాడు. 16 రోజుల మీద మొత్తం 51 గంటలు పట్టిందట. నాకు ఆ 51 గంటల కంటే ముందరి అరవై ఏళ్ళే వింత. అంతకాలం దాన్ని ఎవరూ సుత్తితో కొట్టలేదు! మన సందులో పెట్టి ఉంటే తెల్లారేసరికి గ్యాస్ కట్టరు వచ్చేది.

సుత్తి అన్నాను కదా, నిన్ను చేయడంలో అసలు తిప్పలు అక్కడే. దొంగ కోసం చేసే బీగం వేరు. దొంగను ఆపితే చాలు, దాని పని అయిపోయింది. నీలాంటిది ఆపాలి, మళ్ళీ రానివ్వాలి. బలం చూపినోడికి బిగుసుకోవాలి, ఆడుకున్నోడికి లొంగాలి. రాత్రిళ్ళు నా మోటార్ల రీవైండింగ్ అంగడి మూసేశాక, పాత కాయిళ్ళ మధ్యన కూర్చుని ఎనిమిది పెట్టెలు పాడు చేశాను ఈ ఒక్కమాట కోసం. మొదటిది ఊపితేనే తెరుచుకుంది. రెండోది నేను తుమ్మితే తెరుచుకుంది. అయిదోది మూసుకుని ఇప్పటికీ మూసుకునే ఉంది. దాంట్లో నా పెన్సిలు ముక్క ఉంది.

దారి చూపింది మాత్రం మా నాయన వాళ్ళ జొన్నచేను. చిన్నప్పుడు మంచె మీద నిలబడి ఒడిసెల తిప్పేవాణ్ణి. రాయి పెట్టి గిరగిరా తిప్పితే చేతిని ఎంత గట్టిగా లాగుతుందో! వేగం రెట్టింపు చేస్తే ఆ లాగుడు నాలుగింతలు అవుతుందని ఐటీఐలో చెప్పినారు గానీ, భుజానికి అంతకు ముందే తెలుసు. ఆ ఒడిసెలే నీ గుట్టు. మూత కింద ఒక దిమ్మ, దానికి రెండు వైపులా అడ్డంగా రెండు బెజ్జాలు, అవి పక్క పలకల్లోకి నేరుగా పోతాయి. ఒక్కో బెజ్జంలో ఒక ఇత్తడి సీల. సగం దిమ్మలో, సగం పలకలో ఉంటే మూత కదలదు. కుడికి వంచితే కుడి సీల పలకలోకి జారి దారి ఇస్తుంది. అదే వంపుకు ఎడమ సీల దిమ్మలోకి జారి బిగుస్తుంది. ఎడమకు వంచితే ఇటుది అటు. వంచి గెలిచేది లేదు. రెండూ ఒకేసారి బయటికి పోవాలంటే గిరగిరా తిరగాల్సిందే.

అది కూడా తలకిందులుగా. మూడో సీల ఒకటి నిలువుగా పెట్టాను. నిటారుగా ఉన్నంతసేపు తన బరువుకు తానే కిందికి దిగి అడ్డం పడుతుంది. బోర్లించితే మూతలోకి వెనక్కి పోతుంది. కాబట్టి బోర్లించు, తిప్పు, ఒంచకుండా జరుపు. మూడు కదలికలు. మరీ అన్యాయం చేయకూడదని నీ నెత్తిన నడిమధ్యన ఒక గుండ్రని బొడిపె కూడా పెట్టాను. బోర్లిస్తే బొంగరం ములుకు లాగా దాని మీద తిరుగుతావని కనిపెట్టాలి కదా! కనిపెట్టలేదు. "బొడిపె బాగుంది, పట్టుకోను అనువుగా ఉంది" అని పట్టుకుని పైకి లాగారు, ఒకరి తర్వాత ఒకరు.

కొండారెడ్డి బురుజు కింద నుంచి తుంగభద్ర అడుగున గద్వాల దాకా సొరంగం ఉందని ఊరంతా చెబుతుంది. ఆ సొరంగం దారి చెప్పలేనోడు కర్నూల్లో లేడు. నెత్తిన కనపడే బొడిపె దారి చెప్పగలిగినోడు కూడా లేడు.

ఇంతవరకూ నాకు గర్వంగానే ఉంది. దేవుడికి కూడా ఇంత గర్వం ఉండదేమో అనుకున్నా. అంతలో వానలు పడినాయి.

నిన్ను చేసింది మే నెలలో. ఎండ 40 దాటి, చెక్కలో చెమ్మ అన్నదే లేని రోజులు. మూతను గాడిలో వెంట్రుకవాసి సందు కూడా లేకుండా దించి, నా పనితనానికి నేనే మురిసిపోయా. మా వడ్ల ఆచారి మామ చేత్తో తడిమి, "మరీ బిర్రుగా పెట్టినావు అల్లుడూ, వానకు తెలుస్తాది" అన్నాడు. నేను నవ్వాను. చెక్క పొడుగునా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. నీ మూత అడ్డంగా ఉబ్బింది. గాడి ఉన్న పెట్టె వెడల్పు మాత్రం పిసరు కూడా పెరగలేదు, ఎందుకంటే ఆ ముక్కల నార అటు పొడుగున ఉంది. ఇప్పుడు బోర్లించి తిప్పుతా, సీలలు బయటికి పోయిన చప్పుడు నా చెవికి తెలుస్తుంది, జరుపుతా. రావు. ఫ్యాను కింద పెట్టా. బియ్యం డబ్బాలో పెట్టా. "చేసినోడే తీయలేడంట" అని పక్కింటన్న సందంతా చెప్పాడు. అదేదో నీకు బిరుదు అయినట్టు!

తెలియక చేసిన తప్పు కాదు ఇది. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్ళోకి వచ్చినప్పుడు జేజి భోషాణం రెండు రోజులు నీళ్ళలో నానింది. దాని అడుగున ఒక దొంగ సొరుగు ఉండేది. బురద కడిగినాక ఎవరు లాగినా రాలేదు. పట్టా కాగితాలు ఉన్నాయి, పలుగుతో లేపుదాం అని అందరూ ఒకటే గోల. జేజి భోషాణం మీదెక్కి కూర్చుంది. "పగలగొట్టేది లేదు. నాననిచ్చినట్టే ఆరనీయండి. యాడికి పోతాది?" అంది. నెల దాటినాక ఒక మధ్యాహ్నం తనే ఒంటి చేత్తో లాగింది. తడిసి ఆరిన కాగితాలు నాలుగు, వాటి పక్కన ఒక అడకత్తెర. కాగితాలు నాయన చేతికిచ్చి, అడకత్తెర బొడ్లో దోపుకుంది.

ఇప్పుడు జేజికి 85 దాటినాయి. నోట్లో పుండ్లు పడుతున్నాయని డాక్టరు వక్కాకు మానిపించమన్నాడు. రెండు నెలలుగా వక్కాకు సంచి మేమే దాస్తున్నాం. ఆమె అడగడం మానేసింది. వసారాలో నీ గూటి కింద కూర్చుని, మిషనుకు పంపుదామన్నా వినకుండా సంగటికి రాగులు విసురుతూ ఉంటుంది. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ నిన్ను ఊపినారు, గీకినారు, తిట్టినారు. జేజి ఒక్కతే "చెక్క ముక్కతో ఏం ఆటరా" అని తల తిప్పుకుంది.

ఇంక అసలు సంగతి. ఈ వారంలో మూడు సార్లు నేను అంగడి నుంచి వచ్చేసరికి నువ్వు వేడిగా ఉన్నావు. ఒకసారి గూట్లో లేవు, మిద్దె మీద కందులు ఆరబోసిన చాట పక్కన దొరికావు. పిల్లలు పెట్టి ఉంటారని వాళ్ళను కసురుకున్నా. నిన్న నిన్ను తుడుస్తుంటే నీ నెత్తిన బొడిపె చుట్టూ బూడిదరంగులో ఏదో పొడి అంటుకుని ఉంది. వేలికి తీసి చూశా. రాగి పిండి. ఇసుర్రాయి మీద రాయికి నడుమ గింజలు పోసే బొక్క ఉంటుంది కదా, నీ బొడిపె దాంట్లో ఎంత చక్కగా కూర్చుంటుందో ఇప్పుడే కొలిచి చూశా.

అప్పుడు నిన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. గుండు టకటకమంది. బిళ్ళ గలగల లేదు. దాని బదులు మెత్తగా, పొట్లం లాంటిదేదో ఇటు నుంచి అటు జారింది. మూత సందు దగ్గర ముక్కు పెట్టి చూశా. తమలపాకు, వక్క, కాస్త సున్నం.

ఊళ్ళో ఎవరూ తీసుకోని ఆ బిళ్ళను ఆకుల అంగడోడి చేత ఎట్లా తీయించిందో నాకు అంతు చిక్కడం లేదు. ఈ సంగతి డాక్టరుకు చెప్పాలా, నాయనకు చెప్పాలా అని కూడా తేల్చుకోలేదు. రేపు మధ్యాహ్నం నిన్ను మిద్దె మీదికి నేనే తీసుకుపోతా.

ఇట్లు,
నీ గడియ తెలిసిన ఇద్దరిలో రెండోవాడు