కవాతు మైదానం దాటాలి

గల్వాన్ లోయలో 2020 జూన్ 15 రాత్రి నేలకొరిగిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 16 బిహార్ దళానికి నాయకత్వం వహించి, మరణానంతరం మహావీర చక్ర అందుకున్నాడు. ఆ వారసత్వం తమదని ఉమ్మడి నల్లగొండలోని ఎన్‌సీసీ బడులు చెప్పుకోవడం న్యాయమే. అయితే చాలాచోట్ల అది పంద్రాగస్టు కవాతు దగ్గరే ఆగిపోతోంది. సేవ అంటే చీపుర్లు పట్టుకుని దిగిన ఫొటో అయింది. ఎన్‌సీసీ క్యాడెట్లు నేర్వాల్సిన అసలు సేవ రోడ్డు ప్రమాదాల్లో ప్రథమ చికిత్స.

చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ ఊళ్లన్నీ 65వ నంబరు జాతీయ రహదారి మీదున్నవే. ప్రమాదం జరిగితే 108 వచ్చేలోపు నలుగురు పోగవుతారు. కాళ్లూ చేతులూ పట్టి ఆటోలోకి ఎత్తుతారు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ ఒక్క కుదుపుకే వెన్నుపాము దెబ్బతిని మనిషి మంచాన పడొచ్చు. స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రక్తం కారుతుంటే శుభ్రమైన చున్నీనో తువ్వాలునో నాలుగు మడతలేసి అరచేత్తో గట్టిగా అదిమిపట్టాలి. ఆగిందేమోనని మాటిమాటికీ ఎత్తి చూస్తే గడ్డకడుతున్న రక్తం మళ్లీ కారడం మొదలవుతుంది. బట్ట తడిస్తే తీయకుండా పైనే ఇంకొకటి వేయాలి.

గుండె ఆగిన పెద్దవాళ్లకు ఛాతీ మధ్యన కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. మన క్యాడెట్లకు ఆ లయ కొత్తది కాదు, కవాతులో వేగంగా నడిచే తేజ్ చల్‌లో అడుగు పడేది నిమిషానికి 120 సార్లే! ఛాతీ నొక్కడం సాధన చేసే మనిషి బొమ్మ కొనే స్తోమత లేని బడి గట్టిగా కూరిన బస్తా మీదైనా చేతుల పట్టు, లయ నేర్పవచ్చు. ఒక్కసారి నేర్పి వదిలేస్తే కొన్ని నెలల్లోనే మరిచిపోతారు కాబట్టి నెలకో పరేడ్ దీనికే కేటాయించాలి. పిల్లల్ని రోడ్డు మీదికి తోయమని మేం అనడం లేదు. ముందు పెద్దలు వాహనాలు ఆపాలి, ఆ తర్వాతే ఎవరైనా దగ్గరికి పోవాలి. కేసుల్లో ఇరుక్కుంటామన్న భయమూ అక్కర్లేదు. సాయపడినవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టమే రక్షణ ఇచ్చింది.

ఎన్‌సీసీ చూసే సారుకు బదిలీ అయితే శిక్షణ మూలనపడుతుంది. ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకైనా ప్రథమ చికిత్స నేర్పించాలి. విద్యాశాఖ ఆ పని హైవే పక్క బడులతోనే మొదలుపెట్టాలి.