పావు శాతం ఒకచోట, రెండు రూపాయల మిత్తి ఇంకోచోట

రిజర్వ్ బ్యాంకు ద్రవ్య పరపతి విధాన కమిటీ కూర్చునే రోజు దగ్గరపడిందంటే టీవీల్లో జోస్యాలు మొదలవుతాయి. 2025లో నాలుగు విడతల్లో రెపో రేటును (బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద రిజర్వ్ బ్యాంకు తీసుకునే వడ్డీని) 6.50 నుంచి 5.25 శాతానికి దించిన ఆ కమిటీ మళ్లీ పెంపు వైపు ఎప్పుడు తిరుగుతుంది? నల్లగొండ గడియారం సెంటరు టీ కొట్ల దగ్గర దీని గురించి ఎవరూ వాదించుకోరు. కానీ అదే ఊళ్లో ఇంటి లోను కడుతున్న టీచరుకు, క్యాష్ క్రెడిట్ (వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే వాడకపు అప్పు) మీద వడ్లు కొనే మిర్యాలగూడ మిల్లరుకు ఆ టెన్షన్ ఉంటుంది.

జోస్యాలను ఎంతవరకు నమ్మాలో రెండు సందర్భాలు చెబుతాయి. 2022 ఏప్రిల్ సమీక్షలో రేటును 4 శాతం దగ్గరే ఉంచిన రిజర్వ్ బ్యాంకు, నెల తిరక్కుండానే మే 4న, షెడ్యూలులో లేని సమావేశం పెట్టి మరీ 0.40 శాతం పెంచింది. 2023 ఫిబ్రవరికల్లా రేటు 6.50కి చేరింది. రెండోది దానికి పూర్తిగా తలకిందులు. 2023 జూలైలో టమాట కిలో వంద దాటింది. చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగబాకింది. చట్టం ప్రకారం కమిటీ లక్ష్యం 4 శాతం, హద్దు 6. ఇక పెంచక తప్పదన్నారు కొందరు. ఆగస్టులోనూ, అక్టోబరులోనూ రేటు కదల్లేదు. వడ్డీ పెంచితే టమాట పండదు కదా! 2012 ఆధార సంవత్సరంగా వేసిన ధరల సూచీలో తిండి వాటానే దాదాపు 46 శాతం. వానలు తప్పినప్పుడల్లా ఆ లెక్క ఎగిరిపడుతుంది, కొత్త పంట రాగానే దిగుతుంది.

మా అంచనా కూడా దీన్నిబట్టే. ధరల మంట కూరగాయల దగ్గరే ఆగినంత కాలం కమిటీ తొందరపడదు. చమురు ధర, రూపాయి పతనం కలిసి ఆ మంట సబ్బు బిళ్ల నుంచి బస్సు టికెట్ దాకా పాకితే మాత్రం పెంపు వస్తుంది. అది ఏ నెలలో అన్నది చెప్పడానికి మేం జ్యోతిషులం కాము.

పెంచితే ఏమవుతుందన్నది మాత్రం కాగితం మీద లెక్కేసి చూడొచ్చు. ఇరవై ఏళ్ల గడువుతో, 8.5 శాతం వడ్డీకి 20 లక్షల ఇంటి లోను తీసుకున్నవారి కిస్తీ నెలకు సుమారు 17,356 రూపాయలు. వడ్డీ పావు శాతం పెరిగితే కిస్తీ 318 రూపాయల దాకా పెరగాలి. ఇరవై ఏళ్లలో అదంతా కలిపితే 76 వేలు. కిస్తీ ముట్టుకోకుండా గడువు పొడిగిస్తే? ఇంకో పన్నెండు, పదమూడు కిస్తీలు కట్టాలి. అంటే రెండు లక్షలకు పైనే! నెలనెలా ఖాతాలోంచి పోయే సొమ్ము మారదు కాబట్టి చాలామందికి గడువు పెరిగిన సంగతే తెలియదు. ఈ తీరు మీద ఫిర్యాదులు రావడంతోనే, కిస్తీ పెంచుకుంటారా, గడువు పొడిగించుకుంటారా అని బాకీదారుణ్నే అడగాలని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. అడిగినట్టు కాగితం చూపమంటే మన దగ్గర ఎందరు చూపగలరు?

2019 అక్టోబరు నుంచి ఇళ్లకు, చిన్న పరిశ్రమలకు బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) లోన్లు రెపో వంటి బయటి కొలమానాలకు ముడిపడి ఉన్నాయి. మూడు నెలల్లోపు మార్పు ఖాతాలో కనబడాల్సిందే. డిపాజిట్ దగ్గరికి వచ్చేసరికి ఆ తొందర ఉండదు. పాత ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరేదాకా పాత వడ్డీయే. కొత్తదానికి ఎంతివ్వాలో బ్యాంకు ఇష్టం. పెన్షన్ డబ్బులు దాచుకున్న పెద్దమనిషికి పెంపు తీపి కబురే, కాకపోతే నిదానంగా అందుతుంది.

ఇదంతా బ్యాంకు గడప తొక్కినవాళ్ల కథ. పాలమూరు, దేవరకొండ వైపు ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పరు. నూటికి రెండు రూపాయల మిత్తి, మూడు రూపాయల మిత్తి అంటారు. అది నెలకు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, లక్షకు 24 వేలు. ముంబైలో రిజర్వ్ బ్యాంకు పావు శాతం పెంచితే లక్షకు ఏడాదికి 250 రూపాయలు తేడా. ఆ 250 కోసం దేశమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఈ 24 వేల గురించి అడిగే కమిటీ ఏదీ లేదు.

పంట రుణానికి సర్కారు రాయితీ ఉంది. 3 లక్షల వరకు 7 శాతం, గడువులోగా కడితే రైతు మీద పడేది 4 శాతమే. రెపో ఎటు పోయినా ఆ రైతుకు బెంగ లేదు. కానీ దానికి మామూలుగా భూమి పాసుపుస్తకం అడుగుతారు. కౌలుకు చేసేవాడి దగ్గర అది ఉండదు. విత్తనం, ఎరువు ఉద్దెరకు తెచ్చుకుంటాడు, పంట ఆ దుకాణదారుకే తూకం వేస్తాడు. అప్పు మిత్తి ఎంతో, తగ్గించిన ధర ఎంతో విడదీసి చూపే రసీదు అతనికి ఎవరూ ఇవ్వరు. మిల్లరుకు క్యాష్ క్రెడిట్ భారమైతే సన్న వడ్ల ధరలో ఆ పావు శాతం కొంత కోతగా మారి, చివరికి వచ్చి పడేది కూడా ఇతని మీదే.

జిల్లాల్లో బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీలు ఉన్నాయి, వాటిని నడిపించే లీడ్ బ్యాంకులున్నాయి. ఆ సమావేశాల వార్తల్లో మాకు ఎప్పుడూ కనిపించేది పంట రుణాల టార్గెట్, ఎంత శాతం ఇచ్చారన్న లెక్క. ఈసారి ఇంకో రెండు ప్రశ్నలు కలెక్టర్లే అడగాలి. కౌలు రైతుల్లో ఎందరికి లోను ఇచ్చారు, మండలాల వారీగా? వడ్డీ మారినప్పుడు ఎందరు బాకీదారులకు తెలుగులో నోటీసు పంపారు?